చిన్నవయసు హఠాన్మరణాలు: ఎక్కడ ఆపగలం?

పెళ్లి బరాత్‌లో డాన్స్ చేస్తూ కుప్పకూలిన యువకుడు, కాలేజీ మైదానంలో కబడ్డీ ఆడుతూ పడిపోయిన విద్యార్థి, రాత్రి అన్నం తిని పడుకుని తెల్లారాక లేవని పాతికేళ్ల ఉద్యోగి. ఈ ముగ్గురి గురించీ మన పత్రికలు ఒకే మాట రాస్తాయి: గుండెపోటుతో మృతి. ఆ మాట చాలాసార్లు తప్పు. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోవడం. నొప్పి తెలుస్తుంది, చెమటలు పడతాయి, ఆసుపత్రికి చేరే వ్యవధి తరచూ ఉంటుంది. గుండె ఆగిపోవడం వేరు. గుండెను లయలో నడిపించే విద్యుత్తు చెదిరిపోయి, కింది గదులు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడతాయి. పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. ఇలా ఆగడానికి గుండెపోటు ఒక కారణం మాత్రమే. పన్నెండేళ్ల పిల్లవాడిలో అది చాలా అరుదైన కారణం. రెండిటినీ ఒకే మాటలో కలిపేయడంతో చూసినవాళ్లు లిపిడ్ పరీక్ష చేయించుకుని, అది బాగుంటే ధీమాగా ఉండిపోతున్నారు. ఈ మరణాలను ఆపే అవకాశం మూడు చోట్ల ఉంది: పడిపోకముందు, పడిపోయిన నిమిషంలో, ఒకరు పోయాక ఆ కుటుంబంలో. మన ఆశంతా మొదటి చోటు మీదే ఉంది. అందరికీ పరీక్షలు చేసేస్తే సరిపోతుందనుకుంటున్నాం. ఆధారాలు చూస్తే తక్కిన రెండు చోట్లే ఎక్కువ ప్రాణాలు దక్కేలా కనిపిస్తున్నాయి. అక్కడే మనం అన్నిటికంటే తక్కువ పని చేస్తున్నాం.

ముందు ఈ సమస్య ఎంత పెద్దదో చూద్దాం. దీన్ని శ్రద్ధగా లెక్కపెట్టిన దేశాల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ముందుంటాయి. 2010 నుంచి 2012 వరకు అక్కడ 1 నుంచి 35 ఏళ్లలోపు వాళ్లలో జరిగిన ఇలాంటి మరణాలన్నిటినీ సేకరించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం 490 మరణాలు, అంటే లక్షకు ఏటా 1.3. నూటికి 72 మంది మగవాళ్లు. 31–35 ఏళ్లవాళ్లలో రేటు లక్షకు 3.2 దాకా ఉంది. ఎక్కువమంది నిద్రలోనో విశ్రాంతిలోనో పోయారు. వ్యాయామం చేస్తూనో, చేసిన వెంటనేనో పోయినవాళ్లు నూటికి 15 మందే. మైదానంలో పడిపోయినవాడి వీడియో అందరి ఫోన్లలో తిరుగుతుంది, నిద్రలో పోయినవాడికి వీడియో ఉండదు. జిమ్ము, డాన్సు అంటే మనకు పట్టుకున్న భయానికి మూలం చాలావరకు ఇదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ వయసువాళ్లు ఐదు కోట్ల మంది ఉన్నారనుకుని ఆ రేటునే ఇక్కడ వేస్తే ఏటా 650 మరణాలు, అంటే రోజుకు దాదాపు ఇద్దరు. ఇది అంచనా మాత్రమే. ఇలాంటి మరణాలను విడిగా నమోదు చేసే ఏర్పాటు మనకు లేదు. అందుకే ఇవి పెరిగాయా, లేక ఫోన్ కెమెరాల వల్ల కంటికి కనిపిస్తున్నాయా అన్న ప్రశ్నకు ఇక్కడ ఎవరూ ఖాయంగా జవాబు చెప్పలేరు.

కారణాలు వయసుతో మారతాయి. ముప్పై దాటినవాళ్లలో రక్తనాళాల పూడికలు ముందుకొస్తాయి. పొగాకు, మధుమేహం, రక్తపోటు, కొలెస్ట్రాల్ అక్కడ ముఖ్యం. అంతకు చిన్నవాళ్లలో ఎక్కువగా పుట్టుకతో వచ్చినవే. గుండె కండరం మందంగా పెరిగే జబ్బు 500 మందిలో ఒకరికి ఉంటుంది. లండన్‌లో శవపరీక్షల నిపుణుడు డొనాల్డ్ టీర్ 1958లో దీన్ని యువకుల్లో మొదటిసారి వివరంగా రాశాడు. అలాంటి కండరంలో విద్యుత్తు దారి తప్పే ప్రమాదం ఉంటుంది. కండరం చూడటానికి మామూలుగానే ఉండి, కణాల్లోకి లవణాలు వచ్చిపోయే ద్వారాలే లోపంతో పుట్టే జబ్బులు మరికొన్ని. వాటిలో ముఖ్యమైనది లాంగ్ క్యూటీ, 2,000 మందిలో ఒకరికి. ఇందులో ఒక రకం ఈత కొడుతుంటే బయటపడుతుంది. ఇంకో రకం అలారం మోగినా, ఫోన్ హఠాత్తుగా రింగైనా బయటపడుతుంది. మూడో రకం నిద్రలో ప్రాణం తీస్తుంది. ఈత బాగా వచ్చిన కుర్రాడు చెరువులో మునిగిపోయాడంటే సుడిలో పడ్డాడని ఊరుకుంటాం. వాటిలో కొన్ని గుండె ఆగి జరిగినవి కావచ్చు. వీటికి తోడు వైరస్ వల్ల గుండె కండరానికి వచ్చే వాపు, తప్పు చోట పుట్టిన గుండె రక్తనాళం, ఛాతీ మీద సరిగ్గా ఒక క్షణంలో తగిలిన దెబ్బ ఉన్నాయి. శవపరీక్ష చేసినా కారణం దొరకనివి ఆ ఆస్ట్రేలియా లెక్కలో నూటికి 40.

మన నేలకు ప్రత్యేకంగా సంబంధించిన సంగతులు రెండున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతర దేశాల సహచరులతో కలిసి 2009లో ఒక ఫలితం ప్రకటించారు. గుండె కండరంలోని ఒక ప్రొటీన్‌కు చెందిన జన్యువులో 25 అక్షరాల చిన్న ముక్క దక్షిణాసియా వాళ్లలో నూటికి నలుగురిలో లోపించి ఉందని, వాళ్లకు గుండె కండరం దెబ్బతినే ముప్పు ఎక్కువని తేల్చారు. ఆ ముప్పు ఎక్కువగా నడివయసు దాటాక వచ్చేది, చాలామందికి అసలు రాకపోవచ్చు. కాబట్టి ఇది భయపడాల్సిన వార్త కాదు. యూరప్ వాళ్ల మీద తేల్చిన జన్యుపట్టికలు మనకు యథాతథంగా సరిపోవని మాత్రం ఇది చెబుతోంది. రెండోది మేనరికం. లాంగ్ క్యూటీలో తీవ్రమైన ఒక రకం, తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం కలిసి వచ్చినప్పుడే పుడుతుంది. ఆ పిల్లలు పుట్టు చెవిటివాళ్లు కూడా. నార్వే డాక్టర్లు 1957లో దీన్ని వర్ణించారు. చెవిటి పిల్లల్లో ఇది నూటికి ఒకరి కంటే తక్కువే. కానీ మేనరికాలు ఇంత ఎక్కువగా ఉన్న చోట, వినికిడి లోపంతో వచ్చిన ప్రతి పాపకూ బాబుకూ చెవి పరీక్షతోపాటు ఒక ఈసీజీ తీయడం కాక్లియర్ ఇంప్లాంట్ ఖర్చులో లెక్కలోకి కూడా రాదు. ఆ బిడ్డకు ఆపరేషన్ టేబుల్ మీద మత్తిచ్చే ముందు ఆ కాగితం చూసుకోవడం ప్రాణాన్ని కాపాడే పని.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా కోవిడ్ టీకా ప్రస్తావన వస్తుంది. దాన్ని విసుగుతో తోసేయకూడదు, జవాబు చెప్పాలి. ఐసీఎంఆర్ 47 పెద్ద ఆసుపత్రుల్లో, 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు, 18–45 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 729 మందిని తీసుకుంది. అదే వయసు, అదే ప్రాంతం, అదే లింగానికి చెందిన 2,916 మందితో వాళ్లను పోల్చింది. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో హఠాన్మరణం అవకాశం దాదాపు సగానికి తగ్గింది. పెంచినవి వేరే ఉన్నాయి: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో ఇలాంటి మరణం ఉండటం, చనిపోయే ముందు 48 గంటల్లో అతిగా తాగడం, మత్తుపదార్థాలు, అదే వ్యవధిలో శక్తికి మించిన శ్రమ. ఈ తరహా అధ్యయనం అన్ని అనుమానాలనూ తీర్చలేదన్నది నిజమే. ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత కొద్దిమంది కుర్రాళ్లలో గుండె కండరానికి వాపు వచ్చిన మాటా నిజమే. అయితే మన దేశంలో కోట్లమందికి వేసినవి కోవిషీల్డ్, కొవాగ్జిన్. అవి ఆ రకం కాదు. టీకా మీద కోపంలో పడి జనం పట్టించుకోకుండా వదిలేసిన మాట ఒకటుంది: కుటుంబ చరిత్ర. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మొదటి చోటు, అంటే ముందస్తు పరీక్ష. దీన్ని సమర్థించేవాళ్ల చేతిలో బలమైన ఆధారం ఇటలీ. పోటీ క్రీడల్లో దిగే ప్రతి ఒక్కరికీ ఈసీజీతో సహా పరీక్ష ఉండాలని అక్కడ 1982లో చట్టం అమల్లోకి వచ్చింది. వెనెటో ప్రాంతంలో 1979 నుంచి 2004 దాకా లెక్కలు చూస్తే క్రీడాకారుల హఠాన్మరణాలు లక్షకు 3.6 నుంచి 0.4కు, అంటే 89 శాతం తగ్గాయి. పరీక్షలు లేని మామూలు యువత రేటులో మార్పు లేదు. చూడగానే వాదన ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ 1997లో ఇజ్రాయెల్ అలాంటి చట్టమే తెచ్చింది. ముందు 12 ఏళ్లు, తర్వాత 12 ఏళ్లు పోల్చితే రేటు 2.54, 2.66. ఏమీ తగ్గలేదు. ఆ పరిశోధకులు ఇంకో మాట చెప్పారు: చట్టానికి సరిగ్గా ముందు రెండేళ్లు మరణాలు ఎక్కువగా ఉన్నాయి, వాటితో మాత్రమే పోల్చి ఉంటే తమ దేశంలోనూ ఇటలీలాంటి విజయమే కనిపించేది. ఇటలీ లెక్కలో చట్టానికి ముందు చూసిన కాలం మూడేళ్లే. ఇజ్రాయెల్ లెక్కకూ లోపముంది, మరణాలను పత్రికల నుంచి ఏరి తీశారు. కాబట్టి ఏ ఒక్కదాన్నీ పట్టుకుని తీర్పు చెప్పడం కుదరదు.

ఇంకా దగ్గరగా చూపించేది ఇంగ్లండ్. అక్కడి ఫుట్‌బాల్ సంఘం 1996 నుంచి 2016 వరకు, సగటున పదహారేళ్ల వయసున్న 11,168 మంది ఆటగాళ్లకు ఈసీజీతోపాటు ఎకో కూడా తీయించింది. ప్రాణం మీదికి తేగల జబ్బు 42 మందిలో దొరికింది. వాళ్లలో చాలామంది చికిత్స తర్వాత మళ్లీ ఆడారు. ఇది చిన్న లాభం కాదు. అయినా తర్వాతి ఏళ్లలో ఎనిమిది మంది గుండె ఆగి చనిపోయారు. అందులో ఆరుగురి పరీక్షలు అంతా బాగుందని చెప్పినవే. పదహారేళ్లప్పుడు మామూలుగా ఉన్న కండరం ఇరవై దాటాక మందమవుతుంది. తప్పు చోట పుట్టిన రక్తనాళం ఈసీజీలో సాధారణంగా కనపడదు. పరుగులోనూ భయంలోనూ మాత్రమే బయటపడే ఒక లయ జబ్బు, పడుకోబెట్టి తీసిన ఈసీజీలో దొరకదు. ఒక్కసారి తీసిన పరీక్ష ఆ రోజు సంగతే చెబుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ఈసీజీకి రెండు మూడు వందల రూపాయలే కదా, లక్షమందిలో ఒక్క బిడ్డ దక్కినా చాలదా? బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఈ ప్రశ్నకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. కానీ ప్రభుత్వం ఖర్చుపెట్టే చోట లెక్క చూడక తప్పదు. అసలు ఖర్చు ఆ కాగితంతో మొదలవుతుందంతే. కోటిమంది పిల్లలకు ఈసీజీ తీసి, నూటికి ముగ్గురిది అనుమానంగా ఉందనుకుందాం. మూడు లక్షల మందికి ఎకో కావాలి, కొందరికి ఎంఆర్ఐ, జన్యుపరీక్ష కావాలి. పిల్లల గుండె నిపుణులు హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటితే ఎంతమంది ఉన్నారు? ఆ మూడు లక్షల్లో ఎక్కువమందికి ఏమీ ఉండదు. అది తేలేదాకా ఆ పిల్లవాడిని ఆడనివ్వరు, ఆడపిల్లయితే 'గుండెజబ్బు పిల్ల' అన్న మాట పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది. జపాన్ 1973 నుంచే బడి పిల్లలకు గుండె పరీక్షలు మొదలుపెట్టి, ఒకటో తరగతి, మిడిల్ స్కూల్, హైస్కూల్ చేరికల దగ్గర ఈసీజీ తప్పనిసరి చేసింది. దాని వెనుక ప్రతి జిల్లాలో ఆ ఈసీజీని చదివే డాక్టరు, తర్వాత చూసే ఆసుపత్రి ఉన్నాయి. ఆ వెన్నెముక లేకుండా ఈసీజీ క్యాంపులు పెడితే మిగిలేది ఫొటోలు, కాగితాల కట్టలు.

అలాగని మొదటి చోటును వదిలేయమనడం లేదు. అందరినీ వడకట్టే బదులు ఎవరిని ఆపి చూడాలో నేర్చుకోవాలి. దానికి డబ్బు కంటే గమనిక ఎక్కువ కావాలి. బడిలో ప్రార్థన జరుగుతుండగా, ఎండలో నిలబడి, కళ్లు బైర్లు కమ్మి మెల్లగా కూలిపోయిన పిల్లకు సాధారణంగా భయం లేదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే లేచి కూర్చుంటుంది. పరుగు పందెం మధ్యలో, ఏ సూచనా లేకుండా, నరికిన చెట్టులా ముఖం బద్దలయ్యేలా పడినవాడి సంగతి వేరు. వాడు నిమిషంలో లేచి నవ్వినా సరే, గుండె డాక్టరు చూసేదాకా మళ్లీ పరుగెత్తకూడదు. శ్రమలో వచ్చే ఛాతీనొప్పి, మందులు వాడుతున్నా తగ్గని ఫిట్స్, అలారం మోగితే పడిపోవడం, ఇంట్లో యాభై ఏళ్లలోపు కారణం తెలియని చావు కూడా అంతే ముఖ్యం. లాంగ్ క్యూటీ పిల్లలకు ఏళ్ల తరబడి మూర్ఛ మందులు ఇచ్చిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో కొల్లలు. ఫిట్స్ అని వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఒక ఈసీజీ తీయాలన్న నియమం ఒక్కటి పాటించినా, ఊళ్లన్నీ తిరిగి తీసే ఈసీజీల కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

రెండో చోటు, పడిపోయిన నిమిషం. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో, ఫిన్లండ్‌తో మ్యాచ్ ఆడుతూ డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి పడిపోయాడు. అప్పటిదాకా ఎన్నో పరీక్షలు దాటి వచ్చిన ఆటగాడు అతను. వెంటనే ఛాతీ నొక్కారు, గుండెను మళ్లీ లయలోకి తెచ్చే విద్యుత్ యంత్రం ఏఈడీతో ఒక్క షాక్ ఇచ్చారు, స్పృహ వచ్చింది. ఎనిమిది నెలలకు మళ్లీ మైదానంలోకి దిగాడు. ఛాతీ నొక్కడం మొదలుపెట్టకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం పడిపోతుంది. షాక్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో అందితే సగానికి పైగా బతకొచ్చు. అమెరికాలో 2,149 హైస్కూళ్లను రెండేళ్లు గమనిస్తే అక్కడ పడిపోయిన 59 మందిలో 42 మంది ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. ఆ స్కూళ్లలో ఎక్కువవాటిలో ఏఈడీ ఉంది. ఏ ముందస్తు పరీక్షా ఇంత స్పష్టమైన ఫలితం చూపలేదు. పైగా ఇది కారణం ఏదని అడగదు. కండరం మందమైనా, రక్తనాళం పూడినా, ఛాతీకి బంతి తగిలినా పని చేస్తుంది. ఆలస్యమైతే ఏమవుతుందో మనకూ తెలుసు. 2023 జనవరి 27న కుప్పంలో కుప్పకూలిన నటుడు నందమూరి తారకరత్న గుండె చాలాసేపటికి తిరిగి కొట్టుకుంది, మెదడు మాత్రం కోలుకోలేదు. ఫిబ్రవరి 18న, నలభై నిండకుండానే చనిపోయారు.

యంత్రం ఉన్నంత మాత్రాన చాలదని నేర్పింది మళ్లీ జపానే. 2011 సెప్టెంబరులో సైతామా నగరంలో ఆరో తరగతి అమ్మాయి పరుగు సాధన ముగుస్తూనే పడిపోయింది. బడిలో ఏఈడీ ఉంది. టీచర్లు చుట్టూ ఉన్నారు. పాప ఊపిరి తీస్తోందనుకుని ఎవరూ ఛాతీ నొక్కలేదు, యంత్రం తేలేదు. మర్నాడు ఆ పాప చనిపోయింది. వాళ్లు చూసింది ఊపిరి కాదు, మన పెద్దవాళ్లు ఎగశ్వాస అనేది: గుండె ఆగాక కూడా కొన్ని నిమిషాలు నోరు తెరిచి ఆగి ఆగి లాగే గాలి. ఆ తర్వాత నగర విద్యాశాఖ పాప కుటుంబంతో కలిసి టీచర్ల కోసం ఒక బోధన తయారుచేసింది. దాని సారం ఒకటే: ఊపిరి ఉందో లేదో తేల్చుకోలేకపోతే లేదనే అనుకుని మొదలుపెట్టు. మన దగ్గర ఇదే ఎగశ్వాస, దానితో వచ్చే చిన్న కుదుపులు చూసి ఫిట్స్ అనుకుంటారు. చేతిలో తాళంచెవులు పెడతారు, నోట్లో నీళ్లు పోస్తారు, గాలి ఆడనివ్వండని చుట్టూ నిలబడతారు. ఆ రెండు నిమిషాల్లో జరగాల్సింది ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ పెట్టి, పెద్దవాళ్లకైతే ఐదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయం అర్థమయ్యేదే. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఆగిన గుండెకు రెండో అవకాశం ఉండదు.

108 వస్తుంది కదా అంటారు. 2005లో హైదరాబాద్‌లో మొదలై దేశమంతా పాకిన ఆ సేవ మనకు గర్వకారణమే. కానీ నగరంలోనైనా నాలుగు నిమిషాల్లో వాహనం రావడం అరుదు. ఆ ఖాళీని నింపాల్సింది పక్కన ఉన్న మనిషే. ఏఈడీలు ఖరీదు, వాడకుండా బూజుపడతాయి అన్నది ఇంకో అభ్యంతరం. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఒకటి పెట్టమంటే ఆ మాట నిజమే. జనం, శ్రమ కలిసే చోట్ల ముందు పెట్టాలి: స్టేడియాలు, పెద్ద కాలేజీలు, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, జిమ్‌లు, అన్నిటికంటే ముందు పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల మైదానాలు. 2024లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికలో పది కిలోమీటర్ల పరుగు దగ్గర పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. మన రాష్ట్రాల్లోనూ వేలమంది నిరుద్యోగులు ఏళ్ల తయారీనంతా 1,600 మీటర్ల పరుగులో పణంగా పెడతారు. ఏ రోజున, ఏ చోట ఎంతమంది శక్తికి మించి పరుగెత్తబోతున్నారో ప్రభుత్వానికి ముందే తెలిసిన మైదానం అది. అక్కడ యంత్రం, శిక్షణ పొందిన మనిషి లేకపోవడానికి సాకు లేదు. తెలంగాణ 2023లో, ఛాతీ నొక్కడం నేర్పే సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. అలాంటిది ఒక సీజన్ ఉత్సాహంగా మిగలకుండా తొమ్మిదో తరగతి పాఠంగా, డ్రైవింగ్ లైసెన్సుకు షరతుగా మారాలి.

మూడో చోటు గురించి మనం మాట్లాడనే మాట్లాడం. కుర్రవాడు పోయాడు, డాక్టరు ధ్రువపత్రంలో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాశాడు, సాయంత్రానికి అంతా ముగిసింది. ఆ మూడు మాటలకూ అర్థం గుండె, ఊపిరి ఆగాయని. చనిపోయిన ప్రతి మనిషికీ అవి ఆగుతాయి. అది కారణం రాసిన కాగితం కాదు, కారణం గడి ఖాళీగా వదిలేసిన కాగితం. బిడ్డ శరీరాన్ని కోయించడానికి తల్లిదండ్రుల మనసు ఒప్పదు, ఆ బాధను తక్కువ చేయకూడదు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు కదా అంటారు. అసలు విషయం ఇక్కడే ఉంది: ఇలాంటి జబ్బుల్లో చాలావాటిలో తోబుట్టువుకు అదే లోపం ఉండే అవకాశం సగానికి సగం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో శవపరీక్షకూ అందని మరణాల్లో దాచిన రక్తంతో జన్యుపరీక్ష చేస్తే నూటికి 27 మందిలో కారణమనిపించే మార్పు దొరికింది. బంధువులను పరీక్షిస్తే నూటికి 13 కుటుంబాల్లో జబ్బు తేలింది. ముక్కూమొహం తెలియని పదివేల మంది పిల్లలను వడకట్టే చోట ఈ నిష్పత్తిలో దొరకరు.

దొరికితే మాత్రం ఏం చేయగలం, జీవితాంతం భయం మిగలడం తప్ప అన్న ప్రశ్న కూడా వస్తుంది. చాలా చేయగలం. లాంగ్ క్యూటీలో ఎక్కువమందికి రోజుకు కొద్ది రూపాయలయ్యే బీటా బ్లాకర్ మాత్ర, వాడకూడని మందుల చీటీ, ఈతకు ఒంటరిగా వెళ్లకూడదన్న జాగ్రత్త ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. లక్షలు పోసి ఛాతీలో పెట్టే షాక్ పరికరం కొద్దిమందికే అవసరం. దీనికి కావాల్సిన ఏర్పాటూ పెద్దది కాదు. నలభై ఏళ్లలోపు కారణం తెలియని ప్రతి చావుకూ శవపరీక్ష చేయాలి. కుటుంబం ఒప్పుకోకపోతే, వాళ్ల అనుమతితో కనీసం ఒక గొట్టంలో కొన్ని మిల్లీలీటర్ల రక్తం ఫ్రీజర్‌లో దాచాలి. జిల్లా ఆసుపత్రిలో తల్లి, తండ్రి, తోబుట్టువులకు ఈసీజీ, ఎకో ఉచితంగా తీయాలి. రాష్ట్రస్థాయిలో ఒక నమోదు పుస్తకం ఉండాలి. జన్యువులు చదివే సత్తా హైదరాబాద్‌లోనే ఉంది.

మూడు చోట్లనూ పక్కపక్కన పెడితే క్రమం స్పష్టంగానే కనిపిస్తుంది. డబ్బు ముందు చేతులకూ యంత్రాలకూ పోవాలి. తర్వాత పోయినవాళ్ల కుటుంబాలకు. ఆ తర్వాత లక్షణాలున్న పిల్లలకు, వినికిడి లేని పిల్లలకు. అందరికీ ఈసీజీ అన్నది వీటన్నిటినీ నిలబెట్టుకున్నాక ఆలోచించాల్సిన మెట్టు. ఈసారి ఏ ఊళ్లోనైనా చిన్నవాడు ఇలా పోయినప్పుడు, పరామర్శకు వెళ్లినవాళ్లు ఏడుపు కాస్త సర్దుకున్నాక ఒక మాట అడగగలగాలి: తమ్ముడికి, చెల్లికి ఈసీజీ తీయించారా? ఆ ఇంట్లో ఎవరూ ఆ రోజు ఆ ఆలోచన చేయగల స్థితిలో ఉండరు. అందుకే బయటివాళ్లు అడగాలి, పదమూడో రోజు లోపు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.